కొత్త స్ప్రింగులు పడిన ఆదివారం

ఉదయం ఏడు గంటలకే బండిని ఇంటి ముందు వేపచెట్టు కింద సెంటర్ స్టాండు వేసి, ఇంజన్ కింద ఇటుకలు పేర్చి ముందు చక్రాన్ని పైకి లేపాము. నాలుగేళ్లుగా నల్లగొండ నుంచి దేవరకొండ రోడ్డు మీద నన్ను మోస్తున్న బండి అది. బ్రేకు పట్టుకుంటే చాలు ముక్కు కిందికి వంగిపోతోంది, స్పీడ్ బ్రేకరు దిగేటప్పుడు ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టి ఉండే, లోపల స్ప్రింగులున్న రెండు గొట్టాలు) అడుగంటి ఠక్కుమంటున్నాయి.

మా వీధి చివర షెడ్డు నడిపే తమ్ముడు మొదటి నుంచీ ఒకే మాట అంటున్నాడు: "అన్నా, మూత కింద ఇంకో వాషర్ ఏస్తె అయిపాయె, గీ ఖర్సెందుకు?" వాషర్ వేస్తే స్ప్రింగు ముందుగానే కొంత నొక్కుకొని బండి ముందు భాగం లేచి నిలబడుతుందే తప్ప, ఆ స్ప్రింగు గట్టిపడదు. పోయిన వారం చక్రం గాలిలో ఉన్నప్పుడు ఒకసారి, నేను ఎక్కి కూర్చున్నాక ఒకసారి స్కేలుతో కొలిచి చూపించాను. 130 మిల్లీమీటర్ల కదలికలో బండి బరువుకు నా 94 కిలోలు తోడై 52 దిగిపోయింది. ముప్పై శాతం దరిదాపుల్లో ఉండవలసింది నలభై అయితే, గుంతకు మిగిలేది ఏముంటుంది?

అందుకే హైదరాబాదులో స్ప్రింగులు చుట్టే ఒక చిన్న కార్ఖానాలో, చుట్ల సంఖ్య, చుట్టు వ్యాసం మార్చకుండా, తీగ మందం మాత్రం 4 మిల్లీమీటర్ల నుంచి 4.2 చేయించుకున్నాను. పెరిగింది వెంట్రుకంత తేడాయే అనిపిస్తుంది గాని, గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది కాబట్టి అది ఇరవై ఒక్క శాతం దాకా ఎక్కువవుతుంది.

ఫోర్కు గొట్టాలను పట్టి ఉంచే రెండు పలకల్లో (వాటినే టీలు అంటారు) పై టీ బోల్టు వదులు చేశాకే మూత తిప్పాలని తమ్ముడికి తెలుసు. తెలియనిది నాకే. చివరి మర దగ్గర మూత మీద అరచేయి అదిమి పెట్టకపోవడంతో అది ఎగిరి వేపకొమ్మకు తగిలి తులసికోటలో పడింది. ఫోర్కులు ఊడదీసి తలకిందులు చేస్తే బూడిదరంగు నూనె వచ్చింది, కాలిన వాసనతో. గట్టి స్ప్రింగు నొక్కుకున్నాక అంతే బలంగా వెనక్కి తన్నుతుంది కనుక, ఆ తన్నును అణచడానికి 10డబ్ల్యూ బదులు ఇంకా చిక్కని 15డబ్ల్యూ నూనె పోశాము. స్ప్రింగు లేకుండా ఫోర్కును పూర్తిగా నొక్కి, పైఅంచు నుంచి నూనె ఎంత లోతున ఉందో రెండింటిలోనూ స్టీలు స్కేలుతో సరిచూశాము. కొత్త స్ప్రింగులు పాతవాటికంటే 12 మిల్లీమీటర్లు పొట్టిగా వచ్చాయి. ఆ లోటు పూడ్చడానికి, స్ప్రింగుకూ మూతకూ మధ్య పెట్టే స్పేసర్లను పీవీసీ పైపుతో అంత పొడవుగా కోసుకున్నాము. ఒక ముక్క వంకరగా తెగితే, సమతలం వచ్చేదాకా ఆకురాయితో అరగదీస్తూ తమ్ముడు అరగంట కూర్చున్నాడు. ఆ ఓపిక నాకు లేదు.

సాయంత్రం మళ్లీ ఎక్కి కూర్చుని కొలిస్తే 52 బదులు 40 మిల్లీమీటర్లే దిగింది. ఫోర్కు ఎంత దాకా నొక్కుకుంటుందో తెలియడానికి దాని పైపుకు ఎర్రదారం ఒకటి కట్టి పానగల్లు దాకా వెళ్లాను. దారిలో ఎడమవైపు నుంచి టిక్కుటిక్కుమనే చప్పుడు వినపడి గుండె జారిపోయింది. ఆపి చూస్తే, పొద్దున మేమే వదులు చేసిన టీ బోల్టును బిగించడం మరిచాము. బిగించి, అన్ని స్పీడ్ బ్రేకర్లూ కావాలనే వేగంగా దాటి ఇంటికి చేరాక చూస్తే, ఎర్రదారం పైకి జరిగి, కింది టీకి ఇంకా రెండు వేళ్ల దూరంలో ఆగి ఉంది.