అకోంటింగ్‌తో జత కలిపిన బ్యాంజో

బ్యాంజో అంటే మన దగ్గర చాలామందికి మీటలున్న బుల్‌బుల్ తరంగే గుర్తొస్తుంది. నేను వాయించేది గుండ్రటి తోలు మీద అయిదు తీగలుండే అమెరికన్ బ్యాంజో. దానికి దగ్గరి చుట్టం పశ్చిమ ఆఫ్రికాలోని అకోంటింగ్. దాన్ని అక్కడి జోలా తెగ రైతుల పక్కన కూర్చుని వాయించడానికి నవంబరులో గాంబియా, సెనెగల్ వెళ్లాను. జూన్ నుంచి అక్టోబరు దాకా అక్కడ వానలు. తేమకు మేకతోలు వదులై మోత చచ్చిపోతుంది, కనుక ఆ నెలల్లో వెళ్లొద్దు.

ముందు గాంబియాలో మందినారి. 2000లో అమెరికా బ్యాంజో సేకర్తల ముందు అకోంటింగ్‌ను ఉంచిన డేనియల్ జట్టా ఊరది. అక్కడి నుంచి బ్రికామా, సెలేటి సరిహద్దు, జిగాన్‌షోర్, ఊసూయ్ మీదుగా మ్లోంప్. వరిమళ్లు, తెల్లబూరుగు మాన్లు, మట్టి మేడలు. మాండింకా తెగలో తరతరాలుగా పాడే జెలీలకు కోరా అనే తీగల వాయిద్యం కులవృత్తి. అకోంటింగ్ అలా కాదు, పొలం పని అయ్యాక ఎవరైనా పట్టుకునే వాయిద్యం.

బుర్ర ఎండు సొరకాయది, మన కిన్నెరకు కట్టేలాంటిదే. నానబెట్టిన మేకతోలును దాని మీద తడిగానే బిగిస్తారు. మరీ లాగి బిగిస్తే ఆరేటప్పుడు బుర్ర అంచు పగులుతుంది. దండి బుర్రను ఈ చివర నుంచి ఆ చివరకు దూసుకుపోతుంది. మెట్లు లేవు, బిరడాలు లేవు. మూడు తీగలనూ దండికి కట్టి, ఆ కట్టును జరిపి శ్రుతి చేస్తారు. ఇప్పుడు తీగలు చేపల గాలపు నైలాన్‌వే.

నన్ను కట్టిపడేసింది కుడిచెయ్యి. వేలి గోరు పొడవాటి తీగను కిందికి కొడుతుంది, అదే ఊపులో బొటనవేలు పొట్టి తీగ మీద ఆని, చెయ్యి లేచేటప్పుడు దాన్ని మీటుతుంది. జోలాలు దీన్ని ఓటెక్ అంటారు, అమెరికాలో క్లాహామర్ అంటారు. ఆకారంలో పోలిక చాలా వాయిద్యాలకు ఉండొచ్చు, ఈ చేతివాటం మాత్రం అంత తేలిగ్గా కాకతాళీయం అనుకోలేను.

జత కలపడంలో మొదటి చిక్కు మోత. నా బ్యాంజో స్టీలు తీగలు అకోంటింగ్‌ను మింగేశాయి. తోలు వెనక, లోపలి కర్రకూ తోలుకూ మధ్య గుడ్డ కుక్కితే కొంత తగ్గింది. నైలాన్ తీగలు వేశాకే రెండూ విడివిడిగా వినిపించాయి. రెండో చిక్కు శ్రుతి. గాయకుడి గొంతును బట్టి అకోంటింగ్ శ్రుతి నిలుస్తుంది, కాబట్టి బ్యాంజోనే దానికి దించాలి. అప్పటికీ కొన్ని స్వరాలు బ్యాంజో రెండు మెట్ల మధ్య పడతాయి. వాటిని వదిలేసి పొట్టి తీగనే నడిపించాను, పాట చక్కగా నిలబడింది. మెట్లు లేని బ్యాంజో ఉంటే అదే తీసుకెళ్లండి.

అకోంటింగ్‌లో తీగల్ని మోసే బ్రిడ్జి తోలు మీద ఊరికే నిలబడి ఉంటుంది, గట్టిగా కొడితే జారుతుంది. గోటి దెబ్బ సగానికి తగ్గించాలి. తిరుగు ప్రయాణంలో తీగలు వదులు చేసి, బ్రిడ్జి తీసి, బుర్ర లోపల బట్టలు నింపి సర్దాను.