దుబాయ్‌కి నాలుగు రోజులట!

అమెరికా న్యూజెర్సీల ఉండే మా పెద్దక్క సంగతి మీకెరుకే. పొద్దున ఫోన్ల ఒక్క మాట అని పెట్టేసింది. రాత్రి పదకొండయినా అదే చెవుల గింగురుమంటున్నది. "ఏందే, దుబాయ్‌కి బియ్యం నాలుగు రోజులల్ల పోతయట, మా జెర్సీకి రెండు నెలలేందే?"

నాలుగు రోజులు! అది ముంబై పక్కన నవా షేవా రేవు నుంచి దుబాయ్ రేవు జెబెల్ అలీ దాక ఓడ నడిచే లెక్క. మిర్యాలగూడ మిల్లుల సంచి మూతి కుట్టిన కాన్నుంచి అక్కడి దుకాణం దాక లెక్క వేరే. తేమ 13 శాతం లోపల ఉన్నదా చూడాలె. పురుగు చావనీకె అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెట్టి టార్పాలిన్ కప్పితే అయిదు నుంచి ఏడు రోజులు ముట్టద్దు. తొందరపడి మూడో నాడే లేపితే పురుగు చస్తది గని గుడ్డు చావది, ఓడల పొదుగుతది. అటెన్క సరుకుకు పురుగు, తెగులు లేదనే ఫైటోశానిటరీ పత్రం, కస్టమ్స్‌కి ఇచ్చే షిప్పింగ్ బిల్లు, కంటైనర్ తూకం పత్రం, ఎనిమిదొందల కిలోమీటర్లకు పైన రోడ్డు. రేవుల డబ్బా తీసుకునే ఆఖరి గడువు ఉంటది, దాన్నే కటాఫ్ అంటరు; దానికి గంట ఆలస్యమైతే ఓడ పోయినట్టే, మల్ల వచ్చే వారమే.

అమెరికాకైతే కాగితాలు, రూల్స్ ఇంకింత ఉంటయి. నిల్వ గింజలను తినే ఖాప్రా పురుగు లేదని ఆ ఫైటోశానిటరీ పత్రంల విడిగ రాయించాలె. ఓడకెక్కించే 24 గంటల ముందే ఐఎస్ఎఫ్, అంటే సరుకు ఎవరు పంపుతున్నరు, ఎవరు కొంటున్నరు అనే వివరాలు, అక్కడి కస్టమ్స్‌కి చేరాలె. దుబాయ్‌కి ఇరవై అడుగుల కంటైనర్ డబ్బాల 24 టన్నులు కొట్టినట్టు అమెరికా పోయేదాంట్ల కొట్టరాదు. అక్కడి హైవేల మీద లారీతోని కలిపి 80 వేల పౌండ్లు దాటొద్దు.

ఇగ సముద్రం. 2023 నవంబర్‌ల ఎర్ర సముద్రంల దాడులు మొదలైనంక శాన ఓడలు సూయెజ్ కాలువ ఇడిసిపెట్టి ఆఫ్రికా చుట్టి పోవుడు పట్టినయి. పది పద్నాలుగు రోజులు అట్లనే పెరిగినయి. దూరం పెరిగితే చెమ్మ కూడా పెరుగుతది. చల్లటి నీళ్లలకు పోంగనే డబ్బా పైకప్పుకు చెమట పట్టి బస్తాల మీద చుక్కలు పడతయి. క్రాఫ్ట్ కాగితం, తేమ గుంజే సంచులు పెట్టకపోతే పై వరస బూజే.

ఆ ఏడే జులై 20 రాత్రి, బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని మన కేంద్ర సర్కారు బంద్ పెట్టింది. తర్వాత ఆగస్టుల ఇచ్చిన సడలింపుల టైమ్ చూడుర్రి: ఆ రాత్రి 21 గంటల 57 నిమిషాల 1 సెకను కంటె ముందు కస్టమ్స్‌కి అప్పజెప్పినయే పోనిస్తరట. సెకను! గేటు లోపల డబ్బా, గేటు బయట డబ్బా, నడుమ ఒక్క లారీ పొడుగు. అమెరికాల మనోళ్లు సోనా మసూరి కోసం లైన్లు కట్టింది అప్పుడే. ఆ బంద్ ఎత్తేసింది 2024 సెప్టెంబర్ 28న.

ఇంతదాక నెపం సముద్రం మీదనే పెడదామనుకున్న. కాదు. ఓడెక్కేదాక పట్టే పదిహేను రోజులు ఇద్దరికీ ఒకటే. కటాఫ్ తప్పి వారం పోతే జెర్సీ రెండు నెలలల్ల కానరాదు, దుబాయ్ లెక్కల మూడో వంతు అది. తిప్పలంతా దుబాయ్ వాళ్లకే ఎక్కువ.

అసలు అక్క కొనేది ఏడాది పాత బియ్యం. గోదాంల ఏడాది కూసున్న గింజకు ఓడ మీద నలబై రోజులెంత? ఇది తట్టంగనే సగం కోపం పోయింది. మిగిలిన సగం ఆ కటాఫ్ మీదనే.