ఆరు నిమిషాలు తక్కువైన క్యాసెట్

1994లో మా బావ నాకో క్యాసెట్ చేసిచ్చాడు. మేనత్త కొడుకు, అప్పటికింకా అక్కతో పెళ్ళి కాలేదు. వరంగల్ ఆర్‌ఈసీ హాస్టల్లో ఎవరి దగ్గరో ప్రోగ్ రాక్ అనే పొడుగాటి పాటల రాక్ సంగీతం పిచ్చి అంటించుకొచ్చి నాకూ అంటించాడు. తొంభై నిమిషాల టేపు. ఒక వైపు పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ వాళ్ళ ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఆల్బమ్, రెండో వైపు జెనెసిస్ బ్యాండ్ వాళ్ళ ‘ఫాక్స్‌ట్రాట్’. మొదటిది 43 నిమిషాలు కాబట్టి ఒక వైపు చక్కగా పట్టేసింది. రెండోది 51 నిమిషాలు. దాని చివరి పాట ‘సప్పర్స్ రెడీ’ ఒక్కటే 23 నిమిషాలు. అందులో జెనెసిస్ కీబోర్డు మనిషి టోనీ బ్యాంక్స్ ఆర్గన్ మీద మెట్లు మెట్లుగా పైకెక్కుతూ ఉండగా టేపు అయిపోయి టక్కుమని బటన్ లేచేది. పాటే అంత కాబోలు అనుకుని నాలుగేళ్ళు విన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ ముగింపూ బాగానే ఉండేది.

అప్పట్నుంచీ ఆయన ఫ్లాయిడ్ మనిషి, నేను జెనెసిస్ మనిషి. కిందటి అక్టోబర్లో ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, "ఫోన్లో వాదించుకుంది చాలు, ఊళ్ళు తిరిగి తేల్చుకుందాం రా" అన్నాడు. అక్క పులిహోర కట్టిస్తూ, యాభై ఏళ్ళొచ్చినా బుద్ధి రాలేదంది. నాకింకా నలభై తొమ్మిదే.

మొదటి రోజు లండన్లో బ్యాటర్‌సీ పవర్ స్టేషన్. ఫ్లాయిడ్ వాళ్ళ ‘యానిమల్స్’ అట్ట మీద నాలుగు పొగగొట్టాల మధ్య పంది ఎగురుతుంటుందే, అది. 1976 డిసెంబర్లో ఫోటో కోసం దాదాపు పన్నెండు మీటర్ల గాలి పందిని కట్టారు. తాడు తెగితే కాల్చడానికని మొదటి రోజు ఒక తుపాకీ మనిషిని పెట్టారు. రెండో రోజు అతన్ని పిలవలేదు, తాడు ఆ రోజే తెగింది. పంది విమానాల దారిలోంచి వెళ్ళి చివరికి కెంట్‌లో ఒక పొలంలో దిగింది. ఈ కథ నాకు బావ నలభై సార్లు చెప్పుంటాడు, అక్కడ నిలబడి నలభై ఒకటోసారి చెప్పాడు. ఇప్పుడది పెద్ద షాపింగ్ మాల్. ఒక పొగగొట్టంలోంచి లిఫ్ట్‌లో పైకి పంపిస్తారు. టికెట్ రేటు చూసి కిందనుంచే దణ్ణం పెట్టుకున్నాం.

అక్కణ్ణుంచి హైడ్ పార్క్. 1969 జూలై 5న రోలింగ్ స్టోన్స్ ఉచిత కచేరీకి ముందు కింగ్ క్రిమ్సన్ అనే మరో ప్రోగ్ బ్యాండ్ వాయించింది ఇక్కడే. అప్పటికి వాళ్ళ మొదటి ఆల్బమ్ కూడా రాలేదు. క్రిమ్సన్ గురించి మాకు వాదన లేదు. ఇద్దరికీ వాళ్ళంటే కాస్త భయం.

రెండో రోజు కేంబ్రిడ్జ్. ఫ్లాయిడ్ వాళ్ళు రోజర్ వాటర్స్, సిడ్ బారెట్, డేవిడ్ గిల్మర్ పెరిగిన ఊరు. కామ్ నది వెంట గ్రాంచెస్టర్ దాకా పచ్చికలో నడిచాం. 1969లో వాటర్స్ ఈ పచ్చిక మీదే ఒక పాట కట్టాడు, దాని నిండా పక్షి కూతలుంటాయి. మేం వెళ్ళినప్పుడు బురద, నాలుగు ఆవులు, మబ్బు. అరగంట సేపు ఎవరం మాట్లాడలేదు. అప్పుడన్నాడు బావ: "ఇప్పుడు తెలిసిందా? ఈ నేల మీద పెరిగినవాడికి తొందర ఎందుకుంటుంది?" ఫ్లాయిడ్ పాట ‘ఎకోస్’ మొదట్లో చుక్కలా పడే ఒక్క పియానో స్వరం గురించి ఆయన గంటసేపు మాట్లాడగలడు. ఫ్లాయిడ్‌ది ఆలాపన అంటాడు. తాళం మొదలవకపోయినా రాగం కళ్ళముందుకొస్తుంది. నాకు మాత్రం ఆ ఆలాపన ఒక్కోసారి పల్లవి దాకా రాదనిపిస్తుంది. కానీ సిడ్ సంగతి తలుచుకుని ఆ పూట నోరు మూసుకున్నాను. 1968లో బ్యాండ్ వదిలాడు. 1975లో అబ్బే రోడ్ స్టూడియోలో అతని మీద కట్టిన పాటకే మెరుగులు దిద్దుతుంటే గుండుతో, కనుబొమలు కూడా లేకుండా వచ్చి నిలబడ్డాడు. స్నేహితులే గుర్తుపట్టలేదు. తర్వాత ఈ ఊళ్ళోనే మొక్కలు పెంచుకుంటూ, బొమ్మలు వేసుకుంటూ 2006లో పోయాడు.

మూడో రోజు మాంచెస్టర్, అక్క వాళ్ళ స్నేహితుల గృహప్రవేశం. మధ్యలో తప్పించుకుని పాత ఫ్రీ ట్రేడ్ హాల్ చూసొచ్చాం, ఇప్పుడది హోటల్. ఇది ‘యెస్’ అనే ఇంకో బ్యాండ్ వాళ్ళ కథ. 1973లో వాళ్ళ గాయకుడు జాన్ ఆండర్సన్, పరమహంస యోగానంద ఆత్మకథలో ఒక అధోజ్ఞాపిక చదివి ఎనభై నిమిషాల డబుల్ ఆల్బమ్ తీయించాడు. నాలుగు వైపులా నాలుగే పాటలు. శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం! మన ఇళ్ళల్లో షెల్ఫులో దుమ్ము పట్టే పుస్తకంలోంచి అంత సంగీతం పిండారు. కీబోర్డు వాయించే రిక్ వేక్‌మన్‌కు అది బొత్తిగా నచ్చలేదు. ఈ హాల్లో కచేరీ నడుస్తుండగానే స్టేజీ మీదకి కోడికూర, అప్పడాలు, బెండకాయ కూర వచ్చాయని, తిన్నానని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. యెస్‌లో అయిదుగురూ ఒకేసారి తని ఆవర్తనం వాయిస్తున్నట్టుంటుంది. గొప్పవాళ్ళే, కాదనను. అన్నం తినడానికి సందు దొరికిందంటేనే ఆశ్చర్యం.

నాలుగో రోజు నాది: గోడల్మింగ్. 1967లో ఇక్కడి చార్టర్‌హౌస్ స్కూల్లోనే జెనెసిస్ పుట్టింది. పాడే పీటర్ గాబ్రియెల్, బ్యాంక్స్, మైక్ రూథర్‌ఫర్డ్, అందరూ హాస్టల్ పిల్లలే. లోపలికి వెళ్ళే వీల్లేదు, రోడ్డు మీంచి గోపురాలు చూశాం. ప్రపంచంలో మొదటిసారి ఊరికి కరెంటు సరఫరా మొదలైంది కూడా ఇక్కడేనట, 1881లో, ఏటి నీటితో చక్రం తిప్పి. ఆ కరెంటే లేకపోతే ఈ బ్యాండ్లన్నీ ఏమయ్యేవో!

బావకి ఏటి గట్టున కూర్చోబెట్టి నా వాదన వినిపించాను. మిగతావాళ్ళు పన్నెండు తీగల గిటార్లు శ్రుతి చేసుకునేదాకా జనం విసుక్కోకుండా గాబ్రియెల్ ఏవో వింత కథలు చెప్పేవాడు. 1972లో డబ్లిన్లో భార్య ఎర్ర గౌను వేసుకుని, నక్క తల తగిలించుకుని స్టేజీ మీదకొచ్చాడు. ఇది హరికథ కాకపోతే మరేమిటి? పిట్టకథ ఉంది, వేషం ఉంది, చివర్లో స్వర్గం దిగి రావడమూ ఉంది. వందల మైళ్ళు తిరిగి నేను కనిపెట్టింది ఇదే.

"హరిదాసు గజ్జె కడితే నిద్రొస్తుంది నాకు" అన్నాడు బావ.

తిరుగు ప్రయాణంలో గిల్డ్‌ఫర్డ్‌లో రైలు మారాం. ఇయర్‌ఫోన్ ఆయనకొకటి, నాకొకటి పెట్టి ‘సప్పర్స్ రెడీ’ మొదలుపెట్టాను. కిటికీ బయట చీకటి పడుతోంది. ఆ ఆర్గన్ ఘట్టం వచ్చింది. కింద డ్రమ్సూ బేసూ తొమ్మిదేసి దెబ్బల లెక్కలో నడుస్తుంటే పైన బ్యాంక్స్ వాటితో సంబంధం లేనట్టు పోతుంటాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా నా చెవి ఆ టక్కు కోసం చూసింది.

"ఇక్కడే కదరా ఆగేది?"

"నీకెలా తెలుసు బావా?"

ఆయన కిటికీలోకి చూస్తూ, "టేపు చాలదని అప్పుడే తెలుసు. మధ్యలో రెండు పాటలు వదిలేస్తే పట్టేసేదే. ఇది పూర్తిగా వింటే ఫ్లాయిడ్ని వదిలేసి అటు పోతావని..." అన్నాడు.

"పోయానుగా" అన్నాను. మిగిలిన ఆరు నిమిషాలూ వోకింగ్‌హామ్ వచ్చేలోపే అయిపోయాయి. బావ చెవిలోది తియ్యలేదు.