కల్లు తాగెటోనికి గూడ మీటింగా? నా అనుభవం

మా పాలమూరు దిక్కు కల్లును ఎవ్వరు తాగుడు కింద లెక్కవెయ్యరు. క్వార్టర్ ఎత్తెటోడు తాగుబోతు, సీసా కల్లు ఎత్తెటోడు మామూలు మనిషి. అందుకే ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్ అని తాగుడు మానాలనుకునేటోళ్లు ఒకరికొకరు తోడుండేతందుకు పెట్టుకునే మీటింగుల గురించి విన్నప్పుడు నాకొచ్చిన మొదటి డౌటు ఏందంటే, అసలు నన్ను లోపలికి రానిస్తరా అని. ఈ డౌటుతోని ఇంట్లనే కూసున్నోళ్లు మా జిల్లాల మస్తుమంది ఉన్నరు, వాళ్ల కోసమే ఇది రాస్తున్న.

మాది దేవరకద్ర దగ్గర పల్లె, పని హైదరాబాద్‌ల సెంట్రింగు. పొద్దుగాల కల్లు పడకపోతే మేకు పట్టుకున్న చెయ్యి వణికేది, సుత్తె మేకు మీద పడకుండ వేలు మీద పడేది. అది ఒట్టి చెట్టు కల్లు గాదు, డిపోలల్ల పోసేదాంట్ల డైజీపాం, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు మందులు కలుపుతరని మా దిక్కు చిన్నపోరలకు గూడ తెలుసు. 2020 లాక్‌డౌన్‌ల కల్లు దుకాణాలు బందయితే హైదరాబాద్‌ల ఎర్రగడ్డ మానసిక దవాఖానకు జనం ఎట్ల ఉరికిన్రో యాదికి ఉండే ఉంటది. అందుకని కల్లు తాగెటోళ్లు మీటింగు కన్నా ముందు డాక్టర్ దగ్గరికే పోవాలె, సడెన్‌గ బంద్ వెడితే ఫిట్స్ రావొచ్చు, రెండు మూడు దినాలకు లేనోళ్లు ఉన్నట్టు కనిపించొచ్చు, అది దయ్యం కాదు, ఒంట్ల మందు తగ్గినందుకు. ఎక్కడ పోవాల్నో తెల్వకపోతే 14446 కు ఫోన్ చెయ్యొచ్చు, పైసలు పడవు. నాకు డాక్టర్ గోలీలు ఇచ్చి మెల్లగ తగ్గించుకుంట వచ్చిండు.

మీటింగు అడ్రసు దవాఖానల నర్సమ్మ చీటి మీద రాసిచ్చింది. పోయి చూస్తే తాళం. పక్క టైలర్‌ను అడిగితే వాళ్లు ఎప్పుడో వేరే దిక్కు పోయిన్రు అన్నడు. చీటి ఎనక నంబరుంటే కొట్టిన, ఒకాయన ఎత్తి నువ్వెవరు ఏందని అడగకుండ, "ఎక్కడున్నవు తమ్మీ, ఆడనే ఉండు" అని బండి మీద వచ్చి ఎక్కించుకుండు.

చర్చి ఆవరణల బడి గది. చర్చికి మీటింగుకు సంబంధం లేదు, గది కిరాయికి ఇస్తరంతే. రెండో తరగతి పిల్లగాండ్ల బల్లల మీద మోకాళ్లు గడ్డానికి తాకంగ పెద్ద పెద్ద మనుషులు కూసున్నరు, గోడకు ఎక్కాల చార్టు, దాని పక్కన మేకుకు తాగుడు మానేతందుకు ఏఏ చెప్పే 12 మెట్ల చార్టు. ఒక్కొక్కరు పేరు చెప్పి "నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలువెడుతున్నరు. నా వంతు వచ్చినప్పుడు, "నేను మందు తాగనన్నా, కల్లే" అన్న. పెద్దాయన ఒకాయన నవ్విండు, "మానాలన్న కోరిక ఉందా? గదొక్కటి చాలు, సీసల ఏముండెనో ఇక్కడెవడడిగిండు" అన్నడు.

నాకు అన్నిటికంటె నచ్చింది ఏందంటే ఎవ్వరు సలహా చెప్పరు. మన దగ్గర నలుగురు కూసుంటే తాగెటోని మీద పంచాయితీ పెట్టి, పెండ్లం పిల్లల మొఖం చూడుమని, ఒట్టు పెట్టుమని చెప్తరు గదా, ఇక్కడ ఒకరు మాట్లాడుతుంటె ఇంకొకరు నడుమ దూరరు, ఎవరిది వాళ్లు చెప్పుకునుడే. ఆఖరికి పైసలు వేసేతందుకు సంచి తిప్పుతరు, కొత్తోన్ని వెయ్యొద్దన్నరు. దేవుని ముచ్చట కొంచెం ఎక్కువయిందనిపిస్తది నాకు, ఇప్పటికి గూడ, కానీ నమ్ముమని ఎవ్వరు గుంజలేదు. 1935ల అమెరికాల ఇద్దరు తాగుబోతులు, ఒకాయన డాక్టరు, ఒకాయన షేర్ల వ్యాపారం, మాట్లాడుకుంట మాట్లాడుకుంట ఈ ఏఏను మొదలువెట్టిన్రంట. ఎవరు బయటోడు చెప్పినా ఎక్కదు, తాగినోడు చెప్తెనే ఎక్కుతది, గది నాకు ఆడ కూసున్నంకనే సమజైంది.

కష్టం ఊర్లనే. దసరాకు పోతే మా బావ సీసలు తెచ్చి ముందట పెట్టి, "కల్లు తాగకపోతే చుట్టమెట్లయితవు బామ్మర్దీ" అన్నడు. నేను డాబా మీదికి పోయి స్పాన్సర్‌కు ఫోన్ చేసిన, స్పాన్సరంటే మనకంటె ముందు మానినోడు, ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తెటాయన. "రేపటి సంగతి నాకు తెల్వదు, ఈ పూట ఎట్ల గడుస్తదో చూడు" అన్నడు. దిగి మటన్ తిని పడుకున్న, బావ అలిగిండు, అలగనియ్యి.

మా ఆమెను గూడ ఒకసారి ఓపెన్ మీటింగుకు తోలుకపోయిన, ఓపెన్ అంటే ఇంటోళ్లు గూడ రావొచ్చు, మామూలుగ జరిగేటివి తాగెటోళ్లకే. ఇంటోళ్ల కోసం ఆలానాన్ అని వేరేగ ఉందని ఆమెకు అక్కడనే తెలిసింది, ఇప్పుడు నాకంటె ఆమెనే ఎక్కువ పోతున్నది. ఊర్లకు పోయినప్పుడు ఫోన్ల తెలుగు మీటింగు పెట్టుకుంట, పేరు మార్చి పెట్టుకోవొచ్చు, వీడియో బంద్ పెట్టుకోవొచ్చు, మనోళ్లకు పరువు భయం ఎక్కువ గాబట్టి ఇది మంచిగుంటది. పోదామనుకునేటోళ్లు మాత్రం ముందుగాల ఫోన్ చేసి, ఈ వారం ఉందా, అదే గదిల ఉందా అని అడిగి పోండ్రి, కూలి పోగొట్టుకొని పోయి తాళం చూసినోడు మళ్ల పోడు.