టర్బో కారుకి ఏ ఆయిల్? డబ్బా వెనకవైపు చదవండి

సాలూరు దాటి సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్ ఎక్కే కారుకి ఆయిల్ కొనేటప్పుడు మనవాళ్లు సాధారణంగా అడిగేది ఒక్కటే: "5డబ్ల్యూ-30 ఉందా?" ఆ అంకె ఆయిల్ చిక్కదనాన్ని మాత్రమే చెబుతుంది. ఎగ్జాస్టు వేగంతో తిరిగి ఇంజనులోకి ఎక్కువ గాలి నెట్టే టర్బోని కాపాడేది డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది.

టర్బో షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లకు పైనే తిరుగుతుంది. దాన్ని బేరింగుకి తగలకుండా నిలబెట్టేది పలచని ఆయిల్ పొర. పెట్రోలు బండిలో అయితే షాఫ్టుకి ఒక చివర తగిలే ఎగ్జాస్టు వేడి, ఘాట్ ఎక్కేటప్పుడు 900 డిగ్రీలు దాటిపోవచ్చు. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది. అంత దూరం టర్బోకి తెరిపి ఉండదు.

150 డిగ్రీల వేడిలో, ఒత్తిడి కింద ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో కొలిచే అంకెని హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. యూరప్ కార్ల కంపెనీల సంఘం ఏసీఈఏ పెట్టిన సీ3 రకం ఆయిల్‌కి అది కనీసం 3.5 ఉండాలి. సీ2కి 2.9 ఉన్నా చాలు. రెండూ 5డబ్ల్యూ-30 గానే అమ్ముతారు! అలాగని చిక్కనిదే మేలనుకోవద్దు. కొన్ని ఇంజన్లను పలచని ఆయిల్‌కే తయారుచేశారు. కారు పుస్తకంలో రాసిన కోడ్ డబ్బా మీద అక్షరం తేడా లేకుండా ఉండాలి. పుస్తకం కార్ల కంపెనీ సొంత కోడ్ అడిగితే, ఆ కంపెనీ అప్రూవల్ ఇచ్చిందా, లేక ఆయిల్ కంపెనీ తనంతట తనే "సరిపోతుంది" అని రాసుకుందా అన్నది కూడా చూడండి.

డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలుని నేరుగా సిలిండర్లోకే చిమ్మే) టర్బో పెట్రోలు బండికి, అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ ఇచ్చే ఎస్‌పీ గుర్తున్న ఆయిల్ తీసుకోండి. 2020లో వచ్చిన ప్రమాణం ఇది. తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ లోడు పడితే స్పార్కు రాకముందే మిశ్రమం అంటుకుని పిస్టన్లు పగిలే ప్రమాదం ఉంది. దాన్ని తగ్గించేలా ఈ ఆయిల్‌ని పరీక్షిస్తారు. అయినా ఘాట్ మలుపులో 1,500 ఆర్‌పీఎం దగ్గర మూడో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఏ ఆయిలూ పూర్తిగా కాపాడలేదు. ఒక గేరు దించండి.

బీఎస్6 డీజిల్ బండికి డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉంటే తక్కువ బూడిద ఇచ్చే సీ2, సీ3 రకాలే సాధారణంగా అడుగుతారు. ట్రాక్టర్లకీ లారీలకీ పోసే 15డబ్ల్యూ-40 డ్రమ్ము ఆయిల్ చవగ్గా దొరుకుతుందని పోయిస్తే, దాని బూడిద డీపీఎఫ్‌లో చేరి మళ్లీ పోదు. మసి కాలిపోతుంది గానీ బూడిద కాలదు. రాయగడ, జయపురం లాంటి ఊళ్లలో రెండు మూడు కిలోమీటర్లే తిరిగే డీజిల్ బండికి ఇంకో చిక్కు ఉంది. మసిని కాల్చి డీపీఎఫ్ శుభ్రపడే పని మధ్యలో ఆగితే డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తుంటే కిలోమీటర్లు లెక్కపెట్టకుండా వెంటనే మార్పించండి.

ఆయిల్ ఫిల్టర్ విషయంలో పిసినారితనం వద్దు. లోపల వెనక్కి కారకుండా ఆపే రబ్బరు వాల్వు నాసిరకమైతే, రాత్రి ఫిల్టర్లోని ఆయిల్ ఇంజను అడుగున ఉండే సంపులోకి జారిపోతుంది. పొద్దున స్టార్టు చేయగానే టర్బోకి ఆయిల్ ఆలస్యంగా అందుతుంది. స్టార్టు చేశాక ఆయిల్ లైటు ఆరడానికి మునుపటికంటే ఎక్కువసేపు పడుతుంటే మొదట ఫిల్టర్‌నే అనుమానించండి.

మార్చేటప్పుడు పాత ఫిల్టర్ రబ్బరు రింగు దానితోపాటే ఊడిందో లేదో వేలితో తడిమి చూడాలి. అది ఇంజనుకే అంటుకుని, దానిమీద కొత్తది బిగిస్తే నిమిషాల్లో ఆయిలంతా బయటికి చిమ్ముతుంది. కొత్త రింగుకి కాస్త ఆయిల్ రాసి, రింగు ఆనాక చేత్తో ముప్పావు చుట్టు బిగించండి. ఫిల్టర్ మీద వేరే కొలత రాసి ఉంటే దాన్నే పాటించండి. ప్లాస్టిక్ మూత లోపల కాగితం ఎలిమెంట్ వేసే రకానికి మూత మీద రాసిన టార్కే (ఎంత బలంగా బిగించాలో చెప్పే అంకె) ప్రమాణం, చాలావాటిమీద 25 న్యూటన్ మీటర్లు ఉంటుంది. ఓ-రింగు, డ్రెయిన్ ప్లగ్గు వాషరు తప్పకుండా కొత్తవి వేయాలి.

పుస్తకం చెప్పిన కొలతకి అర లీటరు తక్కువ పోసి, స్టార్టు చేసి, లైటు ఆరేదాకా యాక్సిలరేటర్ ముట్టుకోకండి. ఆపి పది నిమిషాలయ్యాక సమతలం మీద డిప్‌స్టిక్ చూసి మిగతాది కొద్దికొద్దిగా పోయండి. గరిష్ఠ గీత దాటితే క్రాంక్ షాఫ్టు ఆయిల్‌ని నురగ చేస్తుంది. ఆ నురగతో బేరింగుకి రక్షణ ఉండదు.

దామన్‌జోడి వైపు ఎర్రదుమ్ములో తిరిగేవాళ్లు ఎయిర్ ఫిల్టర్‌ని 5,000 కిలోమీటర్లకోసారి విప్పి చూడాలి. ఫిల్టర్ దాటాక పైపులో దుమ్ము చార కనిపిస్తే, బాక్సు అంచు సరిగా కూర్చోలేదనే అర్థం. ఆ దుమ్మే టర్బోలో గాలిని నెట్టే కంప్రెసర్ రెక్కల్ని అరగదీస్తుంది. గాలి కొట్టి దులిపితే కాగితంలో కంటికి కనపడని చిల్లులు పడతాయి, కొత్తది వేయడమే మేలు.

ఘాట్లూ దుమ్మూ రోజువారీ అయితే పుస్తకంలో 10,000 కిలోమీటర్లని ఉన్నా 7,000 లోపే ఆయిల్ మార్చడం మంచిది. ఘాట్ ఎక్కి ఆగగానే ఇంజన్ కట్టేయకుండా ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. లేకపోతే కదలిక ఆగిన ఆయిల్ ఆ వేడికి బేరింగు దగ్గర మాడి గట్టి బొగ్గుగా పేరుకుంటుంది.

ఖాళీ డబ్బాకి అడుగున కన్నం పెట్టి పారేయండి. కల్తీ ఆయిల్ నింపేవాళ్లకి కావలసింది అసలు కంపెనీ డబ్బాలే.