ఎనభైతో వెళ్లాం, వందతో వచ్చాం

తెల్లవారుజామున నాలుగున్నరకు హయత్‌నగర్‌లో బంకు దగ్గర కారు ఆపి, డీజిల్ పట్టే కుర్రాడికి ఒకటే మాట చెప్పాను. "ఫుల్ కొట్టు తమ్ముడూ. నాజిల్ టక్‌మని ఆగగానే తీసెయ్. ఆ తర్వాత ఒక్క చుక్క కూడా వద్దు."

"రౌండ్ ఫిగర్ చెయ్యనా అన్నా?"

"వద్దు. బిల్లు ఎంతయితే అంత కడతా."

డీజిల్ పోస్తుంటే బాగా నురగ కడుతుంది. నాజిల్ ఆగాక కూడా కాసేపు ఆగి ఆగి నొక్కుతూ పోతే ఇంకో లీటరో, రెండు లీటర్లో పడుతుంది. బయల్దేరేటప్పుడు గొంతు దాకా పోయించి, మళ్లీ నింపేటప్పుడు మొదటి టక్కుకే ఆపేస్తే మైలేజీ లెక్కంతా తప్పిపోతుంది. అందుకే ఈ ప్రయాణంలో ఎక్కడ పోయించినా మొదటి టక్కు దగ్గరే ఆపాలని, కారు ఎత్తుపల్లాలు లేని చోటే నిలబెట్టాలని ముందే అనుకున్నాను. ట్రిప్ మీటర్ సున్నా చేశాను. వెనక సీట్లోంచి అమ్మ తన పాత డైరీ తీసి తారీకు, టైము, మొత్తం కిలోమీటర్లు రాసుకుంది. ముప్పై ఏళ్లు లెక్కల టీచరు. అంకెలు తను రాస్తేనే తనకు నమ్మకం.

వెళ్లేది విశాఖపట్నం, మధురవాడలో మా పిన్ని కొడుకు గృహప్రవేశానికి. మాఘమాసం ముహూర్తం, 2025 ఫిబ్రవరి. కారులో నేను, మా ఆవిడ, అమ్మ, ముందు సీట్లో మేనల్లుడు చరణ్. డిక్కీలో పెట్టడానికి చోటు చాలక ఒడిలోకి వచ్చిన సామాన్లు.

కారు 2017లో కొన్న మారుతి సియాజ్ డీజిల్. ఎనిమిదో ఏడు నడుస్తోంది. ఏడాదిగా మా బావ ఎప్పుడు కలిసినా అదే మాట. "డీజిల్ కాలం అయిపోయింది. రేటు ఉండగానే అమ్మెయ్." ఆయన మాటలో కొంత నిజం లేకపోలేదు. ఒకప్పుడు పెట్రోలుకూ డీజిల్‌కూ మధ్య పాతిక రూపాయల పైన తేడా ఉండేది. 2014 అక్టోబర్‌లో డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తేశాక ఆ తేడా తగ్గుతూ వచ్చింది. ఆ 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో పెట్రోలు 107 రూపాయల చిల్లర, డీజిల్ 95 రూపాయల చిల్లర ఉండేవి. పన్నెండు రూపాయలే తేడా. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అనే కొత్త కాలుష్య నియమాలు వచ్చినప్పుడు మారుతి డీజిల్ కార్లు చేయడమే మానేసింది. స్విఫ్ట్ నుంచి ఇండికా విస్టా దాకా ఎన్నో కార్లను నడిపించిన ఆ 1.3 లీటర్ల ఫియట్ ఇంజిన్ మన దేశంలో కొత్త కార్లలో లేకుండా పోయింది. మా కారులో ఉన్నదీ అదే ఇంజిన్. 1,248 సీసీ.

అమ్మాలా, ఉంచాలా అన్నది ఎవరో చెప్పిన మాట మీద తేల్చడం నాకు ఇష్టం లేదు. సిటీలో ఎంత ఇస్తోందో తెలుసు. అమీర్‌పేట, హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో లీటరుకు 15 కిలోమీటర్లు దాటదు. కార్లను పరీక్షించి మైలేజీ అంకె ఇచ్చే ఏఆర్ఏఐ సంస్థ సర్టిఫికెట్ మీద ఉన్నదేమో లీటరుకు 28.09. ఆ రెండిటి మధ్య అసలు సంగతి ఎక్కడుందో ఒక్కసారైనా పద్ధతిగా కొలవాలనిపించింది. వెళ్లేటప్పుడు 80 దాటకూడదు, వచ్చేటప్పుడు 100 దాటకూడదు. అదే రోడ్డు, అదే మనుషులు, ఇంచుమించు అదే బరువు. టైర్లలో గాలి ముందురోజు సాయంత్రం చల్లారాక, డ్రైవర్ డోర్ పక్కన స్టిక్కర్ మీద రాసిన ప్రకారం కొట్టించాను.

ఎనభై అంటే చెప్పినంత తేలిక కాదు. విజయవాడ హైవే మీద తెల్లవారుజామున బస్సులు ఎంత వేగంతో వెళ్తాయో చూసినవాళ్లకు తెలుసు. పంతంగి టోల్ దాటేలోపే నాలుగు బస్సులు లైట్లు కొట్టి పక్కకు తప్పుకోమన్నాయి. ఎడమ లేన్‌లో లారీలు అరవైతో వెళ్తుంటాయి, కుడి లేన్‌లో కార్లు నూట ఇరవైతో. ఎనభైతో వెళ్లేవాడికి సొంత చోటంటూ ఉండదు. సూర్యాపేట వచ్చేసరికి అలవాటు పడ్డాను. ఐదో గేర్, ఇంజిన్ నిమిషానికి 1,900 చుట్ల చుట్టుపక్కల తిరుగుతోంది, కాలు ఎక్సలరేటర్ మీద ఆనిందా లేదా అన్నట్టు ఉంది. ఎదర లారీ బ్రేకు లైటు వెలగ్గానే కాలు తీసేయడం, అది పక్కకు జరిగేదాకా కారును అలా పోనివ్వడం. బ్రేకు తొక్కిన ప్రతిసారీ అప్పటిదాకా కాల్చిన డీజిల్‌ను వేడి చేసి గాల్లో కలిపేస్తున్నట్టే. మా కారులో బ్రేకు వేసినప్పుడు కొంత శక్తిని బ్యాటరీకి మళ్లించే ఏర్పాటు ఉంది కానీ, తిరిగొచ్చేది చాలా కొద్ది.

సూర్యాపేట దాటాక కిలోమీటరు రాళ్లు వరసగా కనిపిస్తుంటే చరణ్‌కు ఒక ఆలోచన వచ్చింది. "మామయ్యా, అసలు మన మీటర్ కరెక్టేనా?" పది రాళ్లు లెక్కపెట్టాడు. మా మీటర్ మీద 10.1 వచ్చింది. ఫోన్‌లో జీపీఎస్ పెట్టి చూస్తే, ముల్లు 80 దగ్గర ఉన్నప్పుడు అసలు వేగం 76. స్పీడో ముల్లు కొంచెం ఎక్కువ చూపించినా ఫర్వాలేదు, తక్కువ చూపించకూడదు అన్నది అన్ని కార్లకూ ఉన్న నియమం కాబట్టి దానికి ఆశ్చర్యపోలేదు. కిలోమీటర్ల లెక్కలో నూటికి ఒకటి తేడా అని మాత్రం అమ్మ డైరీలో పక్కన రాసుకుంది.

కోదాడ దాటి ఆంధ్రలోకి వచ్చాం. ఇబ్రహీంపట్నం దగ్గర ట్రాఫిక్ మొదలైంది. కనకదుర్గ ఫ్లైఓవర్ మీద నుంచి కొండ వైపు తిరిగి అమ్మ దణ్ణం పెట్టుకుంది. బెంజి సర్కిల్ దాటి రామవరప్పాడు రింగ్ చేరేదాకా ఆగుతూ కదులుతూ వెళ్లాం. న్యూట్రల్ చేసి క్లచ్ వదిలితే ఇంజిన్ దానంతటదే ఆగుతోంది, క్లచ్ తొక్కితే మళ్లీ స్టార్ట్ అవుతోంది. మొదటి రోజుల్లో నాకు అది విసుగ్గా ఉండేది. ఆ రోజు మాత్రం ప్రతి ఆగడమూ లెక్కలోకి వస్తోందని సంతోషపడ్డాను.

ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ గోదావరి, రావులపాలెం దాటాక గౌతమి. రెండు వంతెనల మీదా అద్దాలు దించాం. రావులపాలెంలో పూతరేకులు కొనకుండా కారు కదలనివ్వనని మా ఆవిడ ముందే చెప్పింది. కడియం దగ్గర రోడ్డుకు రెండు పక్కలా నర్సరీలు. అక్కడ ఆపితే మొక్కలు కొనాలి, కొంటే బరువు పెరుగుతుంది అని నేనంటే, "మొక్క ఎంత బరువుంటుంది?" అంది. నిజానికి ఆ బరువుతో మైలేజీలో కనపడేంత తేడా ఏమీ రాదు. బరువు ఖర్చు ఎక్కువగా ఆగి బయల్దేరేటప్పుడూ, ఎత్తు ఎక్కేటప్పుడే. నున్నటి హైవే మీద ఒకే వేగంతో వెళ్తుంటే కారు పోరాడేది ఎక్కువగా గాలితో. ఆ సంగతి తిరుగు ప్రయాణంలో బాగా తెలిసింది. ఎర్ర మందారం మొక్క ఒకటి కొన్నాం.

అన్నవరం దగ్గర కొండ ఎక్కలేదు. కిందే హైవే పక్కన దేవస్థానం వాళ్ల కౌంటర్‌లో ప్రసాదం తీసుకున్నాం. గోధుమరవ్వ, బెల్లం, నెయ్యి. విస్తరాకు పొట్లం చేత్తో పట్టుకుంటే ఇంకా వేడిగా ఉంది. ఆకు విప్పగానే నెయ్యి వాసనకు ఆకు పచ్చి వాసన కలిసి వచ్చింది. రవ్వ పలుకు పలుకుగా విడిపోతోంది, బెల్లం రంగు ఆకు ఈనెల్లోకి ఇంకింది. ఆ మధ్యాహ్నం కారు బానెట్‌కు ఆనుకుని నలుగురం ఆకులు ఖాళీ చేశాం.

తుని, నక్కపల్లి, అనకాపల్లి దాటి సాయంత్రానికి విశాఖ చేరాం. ఆగిన సమయం తీసేస్తే చక్రం తిరిగింది 9 గంటల 50 నిమిషాలు. ఇంటికి వెళ్లకముందే బంకు దగ్గర ఆపాను. ఇక్కడా అదే మాట చెప్పాను, కానీ కుర్రాడు అలవాటు కొద్దీ టక్‌మన్నాక ఇంకోసారి నొక్కబోయాడు. చరణ్ వెళ్లి చెయ్యి అడ్డం పెట్టాడు. మీటర్ మీద 23.9 లీటర్లు. వచ్చిన దూరం 612 కిలోమీటర్లు. అమ్మ డైరీలో భాగహారం చేసి, కింద గీత గీసి చూపించింది. 25.6.

కారు స్క్రీన్ మీద ఉన్న అంకె 27.3. ఇంజిన్ ఎంత డీజిల్ చిమ్ముతోందో లోపలి కంప్యూటర్ వేసుకునే అంచనా అది. ట్యాంకులో పడిన లీటర్లను అది కొలవదు. చాలా కార్లలో ఆ అంకె అసలు కంటే కాస్త మెరుగ్గానే ఉంటుంది. స్నేహితులు "నాకు 27 ఇస్తోంది" అని ఫోటో పంపితే, అది ట్యాంకు లెక్కా, స్క్రీన్ లెక్కా అని అడగకుండా ఉండలేను. మీటర్ తేడా నూటికి ఒకటి తీసేసినా మాకు 25.3 మిగిలింది. నలుగురు మనుషులతో, ఎనిమిదో ఏట, నిజంగా రోడ్డు మీద. ఏఆర్ఏఐ పరీక్ష ల్యాబ్‌లో రోలర్ల మీద జరుగుతుంది, వేగం 90 దాటదు. ఆ 28ని ఇన్నాళ్లూ కాగితం మీది అంకెగానే చూశాను. మరీ అందనంత దూరంలో లేదని ఆ సాయంత్రం తెలిసింది.

గృహప్రవేశం అయ్యాక మర్నాడు అరకు వెళ్లాం. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. సముద్రపు ఒడ్డు నుంచి 900 మీటర్ల ఎత్తుకు ఎక్కాలి. రెండో గేర్, మూడో గేర్, మళ్లీ రెండో గేర్. స్క్రీన్ మీద అప్పటికప్పుడు చూపించే మైలేజీ ఏడుకీ ఎనిమిదికీ పడిపోయింది. కాఫీ తోటల మధ్య చలిగాలి, కింద లోయలో రైలు పట్టాలు. నా కళ్లు మాత్రం ఆ అంకె మీదే ఉన్నాయని మా ఆవిడ కోప్పడింది, కోప్పడడంలో న్యాయముంది. అనంతగిరిలో కారు ఆపి అరగంట ఊరికే కూర్చున్నాం.

దిగేటప్పుడు మాత్రం ఒక మాట చెప్పాలి. ముందు వెళ్తున్న టాక్సీ ఒకటి న్యూట్రల్‌లో దిగుతోంది. ఇంజిన్ శబ్దం లేదు, ప్రతి మలుపులో బ్రేకు లైట్లు, కాలిన వాసన. డీజిల్ ఆదా అవుతుందని చాలామంది ఇలా చేస్తారు. కానీ గేర్‌లో ఉండి కాలు తీసేస్తే ఇప్పటి ఇంజిన్లు డీజిల్ చిమ్మడం పూర్తిగా ఆపేస్తాయి. ఇంజిన్‌ను చక్రాలే తిప్పుతాయి. న్యూట్రల్‌లో పెడితేనే ఇంజిన్ ఆగిపోకుండా ఉండడానికి డీజిల్ కాలాలి. ఆదా లేకపోగా, కారును పట్టి ఉంచే బలం పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఘాట్‌లో బ్రేకులు వేడెక్కి పట్టు తప్పితే ఏమవుతుందో ఆ దారిలో తిరిగేవాళ్లకు చెప్పనక్కర్లేదు. మేం మూడో గేర్‌లో నెమ్మదిగా దిగాం. అరకు, ఊళ్లో తిరుగుడు కలిపి 268 కిలోమీటర్లకు 13.6 లీటర్లు. 19.7 వచ్చింది. ఎక్కడానికి తాగినదాంట్లో కొంత దిగేటప్పుడు వెనక్కి ఇచ్చిందన్నమాట.

తిరుగు ప్రయాణం వందతో. ఐదో గేర్‌లో ఇంజిన్ 2,300 మీద తిరుగుతోంది. అద్దాల దగ్గర గాలి శబ్దం మొదలైంది. వెళ్లేటప్పుడు మామూలు గొంతుతో మాట్లాడుకున్నవాళ్లం కాస్త గట్టిగా మాట్లాడుతున్నాం. వేగం 80 నుంచి 100కి పెరిగిందంటే పెరిగింది పాతిక శాతమే, కానీ గాలి వెనక్కి నెట్టే బలం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అమ్మ వెనక సీట్లో 1.25ను 1.25తో గుణించి చరణ్‌కు చూపించింది. లారీల వెనక బ్రేకులు ఎక్కువయ్యాయి, దాటడానికి మళ్లీ తొక్కడాలు ఎక్కువయ్యాయి. కాలి పిక్క రాజమండ్రి దగ్గరే పట్టేసింది.

హయత్‌నగర్ బంకు దగ్గరికి వచ్చేసరికి రాత్రయింది. అదే పంపు, అదే నాజిల్. 609 కిలోమీటర్లకు 28.7 లీటర్లు. అంటే 21.2. వెళ్లేటప్పటి కంటే 4.8 లీటర్లు ఎక్కువ, రూపాయల్లో 460 దాకా. మిగిలిన సమయం గంటా ఇరవై ఐదు నిమిషాలు. తేడా అంతా వేగానిదే అని నేను అనను. వచ్చేటప్పుడు ఎండ వల్ల ఏసీ ఎక్కువసేపు నడిచింది, విజయవాడలో నలభై నిమిషాలు ఇరుక్కున్నాం. అయినా పెద్ద వాటా మాత్రం ఆ ఇరవై కిలోమీటర్ల వేగానిదే.

మొత్తం 1,489 కిలోమీటర్లు, 66.2 లీటర్లు, సగటు 22.5 లోపు. డీజిల్ ఖర్చు 6,360 రూపాయల చిల్లర. టోల్ కాకుండా కిలోమీటరుకు 4 రూపాయల 27 పైసలు. లీటరుకు 17 ఇచ్చే పెట్రోలు కారులో ఇదే ప్రయాణం చేస్తే 6 రూపాయల 30 పైసలు పడేది. ఈ ఒక్క ట్రిప్పులోనే మూడు వేల తేడా. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు, ఏడాదికి ఆరేడు వేల కిలోమీటర్లు మాత్రమే తిరిగేవాళ్లు డీజిల్‌కు ఎక్కువ ధర పెట్టడంలో అర్థం లేదు, అక్కడ మా బావ మాటే కరెక్టు. ఇంట్లో ఉన్న కారును, ఇంత చక్కగా నడుస్తున్నదాన్ని, అమ్మి ఇంకొకటి కొనడానికి మాత్రం నాకు కారణం దొరకలేదు. ఆ సంగతే ఆయనకు ఫోన్ చేసి చెప్పాను, అంకెలతో సహా.

ఇంటికి వచ్చాక డైరీ చూస్తే, లెక్క కింద అమ్మ ఇంకో గడి గీసి ఖాళీగా వదిలేసింది. ఇదేంటని అడిగితే, "ఎనభై చూశాం, వంద చూశాం. తొంభై ఎంతో తెలీదుగా" అంది. ఉగాది తర్వాత కర్నూలు, కడప మీదుగా తిరుపతి వెళ్దామనుకుంటున్నాం.