జీరో పాయింటు దాటి కండలేరు దాకా

విల్లివాక్కంలో మేముండే వీధికి రైల్వే స్టేషను నడకదూరమే. 2019 జూలై 12న జోలార్‌పేట నుంచి యాభై ట్యాంకుల రైలు కావేరి నీళ్లతో ఆ స్టేషనుకు వచ్చినప్పుడు మా అపార్టుమెంటు ఆడవాళ్లమంతా గోడ పక్కన నిలబడి, తిరునాళ్లలో రథాన్ని చూసినట్టు చూశాము. ట్యాంకుకు యాభై వేల లీటర్ల చొప్పున ఒక్క ట్రిప్పుకు 25 లక్షల లీటర్లు. అప్పటికే కోత పెట్టి రోజుకు 52 కోట్ల లీటర్లకు కాస్త అటూ ఇటూగా సరఫరా చేస్తున్న నగరానికి అది అరశాతం కూడా కాదని ఇంటికి వచ్చి లెక్క వేసుకున్నాక తెలిసింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2015 డిసెంబరులో, ఇదే నగరం చెంబరంబాక్కం చెరువు నుంచి వదిలిన నీళ్లు అడయారు ఒడ్డులను ముంచుతుంటే మేడల మీదికెక్కి కూర్చుంది. ఒకే ఊరు, అవే చెరువులు. ఈ రెండు సంవత్సరాలను పక్కపక్కన పెట్టుకుని ఆలోచించడం నాకు అప్పటి నుంచి అలవాటైంది.

గత ఆగస్టులో మా బాబాయి ఒక పెళ్లికని చెన్నై వచ్చి తిరిగి వెంకటగిరి వెళ్తూ, తన పాత కారులో నన్ను కూడా రమ్మన్నారు. ఆయన నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగకాలంలో ఎక్కువ భాగం, చెన్నైకి కృష్ణా నీళ్లు తెచ్చే తెలుగుగంగ కాలువ గట్ల మీదే గడిచింది. "మీ మదరాసు నీళ్లు ఏడనుంచి వస్తాయో చూడకుండా కొళాయి తిప్పతా ఉండావు, ఒకసారి చూద్దువు రామ్మా" అన్నారు. శనివారం తెల్లవారుజామునే బయలుదేరి, నీళ్లు వచ్చే దారిలో నీళ్లకు ఎదురుగా ప్రయాణించాము.

మొదట పుళల్ చెరువు. మద్రాసులో పుట్టి పెరిగిన మేము దాన్ని రెడ్‌హిల్స్ అనే అంటాము. మా అమ్మమ్మ పుట్టిల్లు జార్జిటౌనులో సెవెన్ వెల్స్ పక్కన. 1772లో కోటకు మంచినీళ్లు ఇవ్వడానికి ఈస్టిండియా కంపెనీ తవ్వించిన బావుల వల్లే ఆ వీధికి ఆ పేరు వచ్చింది. అంటే అప్పటికి నగరానికి నీరు నగరంలోనే దొరికేది. వందేళ్లు తిరిగేసరికి, 1872 నాటికి, కొసస్థలి నదికి తామరైపాక్కం దగ్గర ఆనకట్ట కట్టి, షోళవరం మీదుగా రెడ్‌హిల్స్‌కు మళ్లించి, అక్కడినుంచి నగరానికి తేవలసి వచ్చింది. కీల్పాక్ వాటర్ వర్క్స్ 1914లో మొదలైంది. బావి నుంచి చెరువుకు, చెరువు నుంచి నదికి, నది నుంచి పక్క రాష్ట్రపు నదికి నగరం చెయ్యి పొడుగవుతూ పోయిందని గట్టు మీద నిలబడి అనుకుంటుంటే, బాబాయి దృష్టి వేరే చోట ఉంది. చెరువు ఒడ్డున ఇళ్లు ఎంత దగ్గరగా వచ్చేశాయో ఆయన చూస్తున్నారు.

తామరైపాక్కం దగ్గర చూడడానికి కంటికి ఆనేదేమీ ఉండదు. పొలాలు, కొబ్బరిచెట్లు, మోటారు గదులు, అంతే. కానీ నగర నీటి ప్రణాళికలో ఈ ప్రాంతం చాలా విలువైనది. ఆరణి, కొసస్థలి నదుల మధ్య నేలలో ఇసుక పొరల నిండా నీరుందని 1960ల చివర్లో ఐక్యరాజ్యసమితి సహాయంతో జరిగిన సర్వేలో తేలాక, మింజూరు, పంజెట్టి, తామరైపాక్కం, పూండి వంటి చోట్ల లోతైన బావులు తవ్వి నగరానికి తోడారు. పైకి కనపడని ఈ చెరువును మితిమీరి వాడిన చోట ఏమవుతుందో మింజూరు చూపించింది. మంచినీరు వెనక్కి తగ్గినకొద్దీ సముద్రపు ఉప్పునీరు నేల కిందుగా లోపలికి జరిగింది. ఒకసారి ఉప్పెక్కిన పొరను మళ్లీ తియ్యగా చేయడం చెరువులో పూడిక తీసినంత సులువు కాదు. నగర పరిసరాలలో భూగర్భజలాన్ని తోడడానికి అనుమతి తప్పనిసరి చేస్తూ 1987లో చట్టం వచ్చింది. 2003లో ప్రతి ఇంటికీ వాన నీటిని ఇంకించే ఏర్పాటు తప్పనిసరి అయింది. ఆ ఏడు మా అపార్టుమెంటులోనూ గుంత తవ్వి కంకర పోశారు. తరవాత కార్లు నిలుపుకోవడానికి దాని మీద సిమెంటు పోసింది కూడా మేమే.

పూండి చేరేసరికి ఎండ ఎక్కింది. 1944లో కొసస్థలి మీద కట్టిన ఈ జలాశయానికి, అప్పట్లో మద్రాసు మేయరుగా దీనికోసం పాటుపడిన సత్యమూర్తి పేరు పెట్టారు. ఆయన మాత్రం జలాశయం నిండడం చూడకుండానే, 1943లో కన్నుమూశారు. చిత్తూరు కొండల నుంచి దిగే నది వరద, ఆంధ్రలోని కండలేరు జలాశయం నుంచి వచ్చే కృష్ణా నీరు, రెండూ ఈ ఒక్క పళ్లెంలోకే వచ్చి చేరాలి. ఇక్కడినుంచి కాలువల ద్వారా షోళవరానికి, రెడ్‌హిల్స్‌కు, చెంబరంబాక్కానికి నీరు వెళ్తుంది. పళ్లెం నిండితే గేట్లెత్తి వదలవలసిందే. ఆ నీళ్లు ఎన్నూరు దగ్గర సముద్రంలో కలుస్తాయి.

బాబాయి డైరీలో ఒక పేజీ చించి లెక్క రాయమన్నారు. రాశాను. పూండి 3,231 మిలియన్ ఘనపుటడుగులు, షోళవరం 1,081, రెడ్‌హిల్స్ 3,300, చెంబరంబాక్కం 3,645. 2020లో ప్రారంభమైన కన్నన్‌కోట్టై–తేర్వాయ్ కండిగై 500. మొత్తం 11,757. వెయ్యి మిలియన్ ఘనపుటడుగులు ఒక టీఎంసీ కాబట్టి, పన్నెండు టీఎంసీలకు కాస్త తక్కువ. తరవాత ఒప్పందం లెక్క. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తమ తమ కృష్ణా వాటాల నుంచి చెరి అయిదు టీఎంసీల చొప్పున మద్రాసు తాగునీటికి ఇస్తామన్నాయి. 1983 ఏప్రిల్‌లో ఎన్టీ రామారావు, ఎంజీ రామచంద్రన్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. ఆవిరికీ ఇంకుడుకూ మూడు పోగా సరిహద్దు దగ్గర పన్నెండు అందాలి. జూలై నుంచి అక్టోబరు దాకా ఎనిమిది, జనవరి నుంచి ఏప్రిల్ దాకా నాలుగు.

"చూసినావా, మీ చెరువులన్నీ కలిపినా పన్నెండు పట్టవు. మేము ఇచ్చే ఎనిమిదేమో మీ వానలకు ముందర వస్తాయి" అన్నారు బాబాయి.

ఆ మాట నాకు ఆ రోజంతా విడవలేదు. చెన్నైకి సగటున ఏడాదికి 1,400 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. అది తక్కువేమీ కాదు. అయితే అందులో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో, ఒక్కోసారి నాలుగైదు రోజుల్లోనే కురిసిపోతుంది. ఆ వానను పట్టాలంటే అక్టోబరు నాటికి చెరువులు కొంతైనా ఖాళీగా ఉండాలి. రుతుపవనం మొహం చాటేస్తే వేసవి గడవడానికి అవే చెరువులు అక్టోబరు నాటికి నిండుగానూ ఉండాలి. చెరువు గేటు తాళం చేతిలో ఉన్న ఇంజనీరుకు ఈ రెండూ ఒకేసారి సాధ్యం కావు. నిండుగా ఉంచితే 2015 భయం, ఖాళీగా ఉంచితే 2019 భయం. నగరానికి నీళ్లు లేవని మేమంతా అనుకుంటూ వచ్చాము. నా మట్టుకు నాకు, నీళ్లకంటే ముందు వాటిని ఆపుకునే చోటు లేదని పూండి గట్టు మీదే అర్థమైంది. పూండి తరవాత నగరం కోసం కొత్త జలాశయం రావడానికి డెబ్బై ఆరేళ్లు పట్టింది. అదీ అర టీఎంసీ. ఆ మధ్యకాలంలో 2011లో ఒక్కసారిగా నగరపాలక సంస్థ పరిధి 174 చదరపు కిలోమీటర్ల నుంచి 426కు పెరిగింది. కొత్తగా కలిసిన పేటల్లో ఎన్నో చెరువులు ఇళ్ల స్థలాలుగా మారాయి. వాటిని లెక్కలో పట్టుకుంటే కొత్త జలాశయం కట్టనక్కర లేదనడం అతిశయోక్తే కావచ్చు గానీ, అంతా అబద్ధం మాత్రం కాదు.

ఊత్తుకోట్టైలో టీ తాగాము. కొట్టతను బాబాయితో తెలుగులోనూ, పక్క గిరాకీతో తమిళంలోనూ, డబ్బులు లెక్కపెట్టేటప్పుడు మళ్లీ తెలుగులోనూ మాట్లాడాడు. జీరో పాయింటు ఆ ఊరి దగ్గరే. కండలేరు నుంచి 152 కిలోమీటర్లు వచ్చిన కాలువ ఇక్కడ తమిళనాడులో ప్రవేశించి, ఇంకో 25 కిలోమీటర్లు నడిచి పూండిలో కలుస్తుంది. రెండు రాష్ట్రాల సిబ్బంది నీటిని కొలిచేది ఇక్కడే. ఇంత పెద్ద ఒప్పందం చివరికి గోడ మీద గీతలు గీసిన ఒక గేజి దగ్గరికి వచ్చి నిలుస్తుందని ఊహించలేదు. నీరు మధ్యస్తంగా, చప్పుడు లేకుండా పోతోంది. 1996లో మొదటిసారి ఈ నీళ్లు పూండి చేరినప్పుడు వచ్చిన ఆనందం ఎక్కువ కాలం నిలవలేదు. లైనింగు పగిలి, గట్లు జారి, నీళ్లు దారిలోనే ఇంకిపోయేవి. 2002లో సత్యసాయి ట్రస్టు కాలువ బాగుచేతకు ముందుకు వచ్చి, రెండేళ్లలో పని పూర్తి చేసింది. అప్పటినుంచి దీన్ని సాయిగంగ అంటున్నారు. ఆ రోజుల్లో బాబాయి రాత్రిళ్లు కూడా గట్టు మీదే ఉండేవారట. పిన్ని ఇప్పటికీ ఆ సంగతి ఎత్తితే నవ్వుతూనే చురక వేస్తుంది.

సత్యవేడు, వరదయ్యపాళెం మీదుగా శ్రీకాళహస్తి వైపు వెళ్తుంటే కాలువ కనపడుతూ మాయమవుతూ మా తోడే వచ్చింది. కొన్ని చోట్ల గట్టు మీద ఇంజన్లు, కాలువలోకి దింపిన పైపులు చూశాను. చెన్నైవాసిగా నా మొదటి ఆలోచన "మా నీళ్లు" అనే. బాబాయి కారు ఆపి పొలం చూపించారు. తెలుగుగంగ చెన్నై కోసం మాత్రమే తవ్విన కాలువ కాదు. రాయలసీమ, నెల్లూరు మెట్టప్రాంతాల్లో 5.75 లక్షల ఎకరాలకు నీరివ్వాలన్నది కూడా ఆ పథకంలో భాగమే. శ్రీశైలం వెనుక పోతిరెడ్డిపాడు దగ్గర బయలుదేరిన నీరు వెలుగోడు, బ్రహ్మంగారి మఠం, సోమశిల, కండలేరు జలాశయాల్లో ఆగి ఆగి నాలుగు వందల కిలోమీటర్లకు పైగా నడిచి వస్తుంది. ఆ దారిలో ప్రతి ఊరూ దాన్ని చూస్తూనే ఉంటుంది. "పొలం ఎండతా ఉంటే కళ్లముందర పోయే నీళ్లను ముట్టుకోవద్దంటే ఎవురు ఇంటారమ్మా?" అన్నారాయన. శ్రీశైలానికి వరద ఆలస్యమైన సంవత్సరం ఈ గొలుసంతా వదులవుతుంది. పన్నెండు టీఎంసీలన్నది ఒప్పందపు అంకె. చాలా సంవత్సరాల్లో అందినది దానికి బాగా తక్కువ. ముప్పై ఏళ్ల ప్రణాళిక వేసేవారు ఆ అంకెను కాకుండా, కరువు ఏడాదిలో గేజి దగ్గర నిజంగా కనపడిన నీటిని లెక్కలోకి తీసుకోవాలి.

రాత్రి వెంకటగిరిలో ఉండి, ఆదివారం పొద్దున్నే రాపూరు దారిలో కండలేరు వెళ్లాము. మట్టికట్ట కొండల మధ్య కిలోమీటర్ల కొద్దీ సాగుతుంది. నిండితే 68 టీఎంసీలు. నగరపు అయిదు చెరువులూ ఇందులో అయిదారు సార్లు పడతాయి. ఆ నీటిని చూస్తూ మా ఊరి మిగతా ఆసరాలను తలుచుకున్నాను. 235 కిలోమీటర్ల పైపులో వీరాణం చెరువు నుంచి రోజుకు 18 కోట్ల లీటర్లు, మింజూరు ఉప్పునీటి శుద్ధి కేంద్రం నుంచి 10 కోట్లు, నెమ్మేలిలో మొదట 10, 2024లో ఇంకో 15 కోట్లు, పేరూరులో కడుతున్న 40 కోట్లు. సముద్రం ఎండిపోదు, సరిహద్దు గొడవ లేదు, నిజమే. కానీ ఆ నీరు ప్రతి బిందెకూ కరెంటు తాగుతుంది. వీటన్నిటిలో నాకు ఎక్కువ నచ్చేది ఎవరూ ఫోటో తీసుకోని పని: కొడుంగైయూర్, కోయంబేడులలో మురుగునీటిని బాగా శుద్ధి చేసి రోజుకు నాలుగున్నర కోట్ల లీటర్ల చొప్పున పరిశ్రమలకు పంపడం. పరిశ్రమ ఆ నీరు వాడుకున్నంత మేర కండలేరు నుంచి అడిగే నీరు తగ్గుతుంది. నగరం పెరిగే కొద్దీ పెరిగే నీటి వనరు ఇదొక్కటే.

మధ్యాహ్నం బస్సెక్కేటప్పుడు బాబాయి నవ్వుతూ, "నువ్వు రాత్రికి ఇల్లు చేరతావు. పొద్దున మనం చూసిన నీళ్లు మాత్రం ఇంకా నాలుగు రోజులైనా దారిలోనే ఉంటాయి" అన్నారు.

ఇప్పుడు పేపరు రాగానే చెరువుల మట్టాల పట్టిక చూస్తున్నాను. ఇదివరకు రెడ్‌హిల్స్ వరస ఒక్కటే చూసేదాన్ని. ఇప్పుడు పూండి ఎదుట ఉన్న ఇన్‌ఫ్లో గడి దగ్గర ఆగుతున్నాను. అక్టోబరు చివర్లో మూడు రోజులు ఎడతెరపి లేకుండా వాన కురిసిన తరవాత బాబాయి ఫోను చేశారు.

"పూండి నిండతా ఉందంట గదా అమ్మాయ్. మీవాళ్లు కాలువ నీళ్లు ఆపమని కబురంపినారంట."

అవునన్నాను. మా సంపు కూడా పొర్లుతోందని, వాచ్‌మన్ మోటారు పెట్టి వీధిలోకి తోడుతున్నాడని చెప్పాను.